నాలుగువందల పదమూడో బలహీనత

వంకదిన్నె విత్తన పరీక్షా కేంద్రంలో రోజూ జరిగే పనులు పదిహేడు. వాటిలో పదహారు కాగితాలకు సంబంధించినవి. పదిహేడోది మొలకలు లెక్కపెట్టడం. ఆ పని మద్దిలేటిది.

నమూనాగా వచ్చిన సంచిలోంచి నాలుగువందల గింజలు తీసి, నాలుగు ఇసుక ట్రేలలో వంద చొప్పున నాటి, తడుపుతూ, పదో రోజున మొలిచినవెన్నో చూసి సగటు కట్టడం పాతికేళ్లుగా అతని వృత్తి. ఈ వృత్తిలో అతనికి నచ్చిన గుణం ఒకటే: గింజ దగ్గర సిఫారసు చెల్లదు. ఎవరి గోదాములో పుట్టినా, ఏ శుభముహూర్తాన నాటినా, ప్రాణముంటే మొలుస్తుంది, లేకపోతే కుళ్ళుతుంది. పైఅధికారుల ఒత్తిడికి లొంగి మొలిచిన గింజను అతను ఇంతవరకూ చూడలేదు.

మిగిలిన పదహారు పనుల సారాంశం ఇది. విత్తనపు బస్తాలు కేంద్రం గోదాములోకి రాగానే కంప్యూటరు నుంచి ఒక ‘నిలుపుదల పత్రం’ అచ్చుతీసి, మైదా జిగురుతో బస్తాల దొంతర మీద అతికించాలి. ఆ పత్రం ఉన్నంతవరకూ బస్తా కదలకూడదు. పరీక్షలో నూటికి డెబ్బై మొలిస్తే అదే కంప్యూటరు నుంచి ‘విడుదల పత్రం’ అచ్చుతీసి, మొదటి కాగితం మీద రెండో కాగితం అతికించాలి. అప్పుడు బస్తా కదలవచ్చు. కేంద్రంలో ఉన్నది ఒక్కటే కంప్యూటరు. దాని వయస్సు పదకొండేళ్లు. ఉదయం దాన్ని నొక్కి, ట్రేలన్నిటికీ నీళ్లు పోసి వచ్చేసరికి అది కళ్ళు తెరిచేది. ఒకరి తొందర ఒకరికి తెలిసినవాళ్లు కాబట్టి మద్దిలేటికీ దానికీ ఎప్పుడూ పేచీ రాలేదు.

ఆ ఏడు ముంగారు తొలకరి వాన ఆదివారం పడింది. సోమవారం ఉదయం మద్దిలేటి ఎర్రదిన్నెపల్లె రైతు సంఘం వారి వేరుశనగ ట్రేలు ముందేసుకుని లెక్కపెట్టాడు. సగటు ఎనభై ఎనిమిది. లెక్క చిట్టాకెక్కించి తలెత్తేసరికి ఆ సంఘం అధ్యక్షురాలు సుంకులమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చెప్పులకు ఎర్రమట్టి, కొంగుకు ముడి, ముఖాన తొందర.

“ఎన్ని మొలిసె సారూ?”

“ఎనభై ఎనిమిదమ్మా.”

“నేను తడి గోనెపట్టాలో నూరు గింజలు కట్టిన. ఎనభై ఏడు మొలిసె. ఆ ఒగటి మా కోడి తిన్యాది. మన లెక్క కుదిరినట్లే. ఇంగ కాగితమిస్తే బస్తాలు ఏసుకపోతా. నలభై ఆరిండ్లోళ్లు ఇత్తే గొర్లు కట్టుకోని కూచోనుండారు. నేలలో పదును శుక్రవారం దాటితే నిలవదు. దాటినాంక ఇత్తనమేస్తే భూమికి కాదు, చీమలకేసినట్ల.”

“మధ్యాహ్నానికి ఇచ్చేస్తాను” అన్నాడు మద్దిలేటి. లెక్క తేలింది, కాగితం అచ్చు కావాలి, అంతే కదా అనుకున్నాడు. అతను లెక్కలో పొరపాటు చేయడు. శాఖ విషయంలో చేస్తాడు.

పదకొండు గంటలకు జిలాని వచ్చాడు. జిల్లాలోని శాఖాకార్యాలయాలన్నిటికీ కంప్యూటర్లు బాగుచేసే ఒప్పంద ఉద్యోగి అతను. చేతిలో పెన్‌డ్రైవు, సంచిలో ముప్ఫయ్యొక్క పుటల సర్క్యులరు.

“కొత్త సాఫ్ట్‌వేరు సార్. ఏజెంటు అంటారు. ప్రతి కంప్యూటర్లో ఒకటి కూచోవల్ల. లోపల ఏమేం బలహీనతలున్నాయో, దొంగ యాడనుంచి దూరగలడో రోజంతా తడుముకుంటా ఉంటాది. చూసింది చూసినట్టు హెడ్డాఫీసుకు చెప్తాది. పద్ధతిగా వాడితే మంచిదే సార్.”

“పద్ధతిగా వాడితే” అన్నాడు మద్దిలేటి, సర్క్యులరు బరువు చేత్తో అంచనా వేస్తూ.

సర్క్యులరులో కంప్యూటరును ‘అంత్యబిందు పరికరము’ అన్నారు. ప్రభుత్వపు తీగ ఎక్కడ ముగిసి మనిషి వేళ్లు ఎక్కడ మొదలవుతాయో, ఆ చోటన్నమాట. ఏజెంటును పదకొండూ నలభై ఎనిమిదికీ పన్నెండున్నరకూ మధ్యనే ప్రతిష్ఠించాలని, ఇది పూర్తిగా సాంకేతిక కారణాల రీత్యా తీసుకున్న నిర్ణయమని రాశారు. ఆ వేళకు అభిజిల్లగ్నమని గోడమీది క్యాలెండరు చెబుతోంది. రెండూ కలవడం యాదృచ్ఛికమని మద్దిలేటి నమ్మాడు. నమ్మడానికి కొంత శ్రమపడ్డాడు.

జిలాని పెన్‌డ్రైవు దూర్చబోతే దూరలేదు. నిరుటి ఆయుధపూజనాటి గంధం, కుంకుమ ఆ రంధ్రంలో గట్టిపడి ఉన్నాయి. గుండుసూదితో పావుగంట పెళ్ళగించాక దారి దొరికింది. లగ్నం దాటకుండా ఏజెంటు లోపలికి వెళ్లింది.

ఆ తర్వాత కంప్యూటరు మరి మాట్లాడలేదు. తెరమీద బాణపు గుర్తును ఒకసారి జరిపితే, జరిపినట్టు అది మూడు నిమిషాల తర్వాత గ్రహించేది. సుంకులమ్మ సాయంత్రం దాకా అరుగు మీద కూర్చుని, “మీ మిషినికి జరమొచ్చినట్లుంది సారూ, రేపొస్తాలే” అని వెళ్లిపోయింది.

మంగళవారం ఉదయం నివేదిక వచ్చింది. కంప్యూటరులో నాలుగువందల పన్నెండు బలహీనతలు. మద్దిలేటి అన్నీ చదివాడు, ఎందుకంటే దేన్నీ సగం చదివే అలవాటు అతనికి లేదు. మొదటి నాలుగువందల పది, యంత్రం పాతదైపోయిందన్న ఒకే సంగతిని నాలుగువందల పది విధాల చెప్పాయి. నాలుగువందల పదకొండోది: ‘ఇంతకుముందు మూసి ఉన్న ఒక ద్వారము ఏజెంటును ఎక్కించు నిమిత్తము తెరువబడినది.’ నాలుగువందల పన్నెండోది: ‘యంత్రము మోయలేని ఒక సాఫ్ట్‌వేరు నిరంతరము నడుచుచున్నది.’ అది ఏజెంటు తన గురించి తానే రాసుకున్నది. పాతికేళ్ల సర్వీసులో ఇంత నిజాయితీ గల నివేదికను మద్దిలేటి చూడలేదు.

నివేదిక వెంటే ఉత్తర్వు. పదికి మించి బలహీనతలున్న యంత్రాన్ని తక్షణం నెట్‌వర్కు నుంచి వెలివేయాలి. దానినుంచి అచ్చు తీయరాదు. సర్క్యులరులోని పద్నాలుగో నిబంధన ప్రకారం ‘బలహీన పరికరము నుండి వెలువడిన, వెలువడుచున్న, వెలువడబోవు పత్రములన్నియు అవిశ్వసనీయములు’.

“వెలేసినారా?” అంది సుంకులమ్మ మధ్యాహ్నం వచ్చి. “ఏం తప్పు జేసె పాపం?”

“వయసైపోయిందమ్మా.”

“అట్లయితే మన పెద్దాఫీసర్లంతా ఎట్ల కూచోనుండారు?”

బుధవారం మద్దిలేటి రాజధానికి ఫోను చేశాడు. అవతల పలికింది సాంకేతిక భద్రతా పర్యవేక్షణ విభాగం ఉపసంచాలకులు పరాంకుశం గారు. శాఖలో భద్రత అనే మాటను భక్తి అనే స్వరంతో పలకగల ఏకైక అధికారి.

“సార్, కంప్యూటరు రాకముందు విడుదల పత్రాలు చేత్తో రాసేవాళ్ళం. అచ్చుపుస్తకం ఇంకా ఉంది. ఈ ఒక్కసారికి పెన్నుతో రాసి ఇవ్వమంటారా? పదును పోతోంది.”

“పెన్నా?” అన్నారు పరాంకుశం గారు. “ఆ పెన్నులో ఏజెంటు ఉన్నదా?”

“లేదు సార్.”

“ఎందుచేత లేదు?”

ఖచ్చితమైన జవాబు కోసం మద్దిలేటి ఆలోచించాడు. “చోటు చాలదు సార్.”

“చూచితిరా! కంప్యూటరులో నాలుగువందల పన్నెండు బలహీనతలున్నవని మనకు తెలిసినది. తెలిసిన బలహీనత సగం బలము. మీ పెన్నులో ఎన్నున్నవో ఎవరికి తెలియును? లెక్క తేలని బలహీనతను మేము అనంతముగా పరిగణింతుము. అనంతముతో సంతకము చేయుదునందురా? ప్రభుత్వ సమాచారము దేని కొసన ఆగునో అది అంత్యబిందువు. పెన్నుకు కొస ఉన్నది. కావున పెన్ను అంత్యబిందు పరికరము. కేంద్రమునందలి పెన్నులన్నింటిని జాబితా వ్రాసి, సీలు వేసి, నా రాకకై వేచియుండుడు. రేపు స్వయముగా తనిఖీకి వచ్చుచున్నాను.”

కేంద్రంలో ఎనిమిది పెన్నులు దొరికాయి. జాబితా రాయడానికి ఎనిమిదోది బయట ఉంచవలసి వచ్చింది. అది చివరి వరుసలో తనను తానే నమోదు చేసుకుని కవరులోకి వెళ్లింది.

మద్దిలేటి ట్రేల దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ట్రేకు ఎనభై ఎనిమిది చొప్పున మొలకలు బొటనవేలంత ఎత్తున, బొద్దుగా, పచ్చగా ఉన్నాయి. ఒక నిజం తేలింది. అది ఈ గది గడప దాటలేకపోతోంది. గోదాములో రెండువందల పది బస్తాలు, ఆరు మైళ్ళ అవతల తడి నేల. మధ్యన ఒక అర్ధఠావు కాగితం.

గురువారం పదింటికి పరాంకుశం గారు చేతులకు తెల్లని రబ్బరు తొడుగులు వేసుకుని, పలకలాంటి టాబ్లెట్టు పట్టుకుని జీపు దిగారు. వెంట జిలాని. గుమ్మం పక్కన సుంకులమ్మ అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. రోడ్డు మీద రెండు ట్రాక్టర్లు కూడా తెచ్చి పెట్టించింది. ఆమెది ఆశావాదం కాదు. ట్రాక్టరు శుక్రవారం దొరకదని తెలిసిన ముందుచూపు.

పరాంకుశం గారు కంప్యూటరును దూరం నుంచి చూశారు. సీలువేసిన పెన్నుల కవరును వెలుతురుకు పట్టి చూశారు. ఆపైన ట్రేల ముందు ఆగారు.

“ఎనభై ఎనిమిది అను ఈ సమాచారము ఎక్కడ పుట్టినది?”

“చిట్టాలో రాశాను సార్.”

“చిట్టాకు ముందు?”

“నేను లెక్కపెట్టాను.”

“మీకు ముందు?”

“మొలకలు సార్.”

పరాంకుశం గారు వంగి మొలకలను చాలాసేపు పరీక్షించారు. “ఇవి ఎవరి అనుమతితో సమాచారమిచ్చుచున్నవి?”

ఒక మొలక మీది నుంచి నీటిబొట్టు జారింది.

“జిలానీ, వీనిలో ఏజెంటును ఎక్కించుటకు వీలగునా?”

“దూర్చను రంధ్రం లేదు సార్” అన్నాడు జిలాని, కాళ్ల కేసి చూస్తూ.

“అటులైన వీని తరువాతి కొస ఈయన నేత్రము” అన్నారు పరాంకుశం గారు మద్దిలేటి వైపు తిరిగి. “సమాచారము మొదట మీలో ప్రవేశించి, మీ నుండి బయటకు వచ్చుచున్నది. మీరే అసలైన అంత్యబిందు పరికరము. కూర్చొనుడు. స్కాన్ చేయవలెను.”

మద్దిలేటి కూర్చున్నాడు. పరాంకుశం గారు టాబ్లెట్టులో ఒక పత్రం తెరిచారు.

“మీకు చివరిసారిగా మార్పులు చేసినది ఎప్పుడు?”

“రెండేళ్ల కింద అద్దాలు మార్చారు సార్. కుడికన్నుకు పావు పెరిగింది.”

“రోజునకు ఎంతసేపు పనిచేయక నిలిచియుందురు?”

“ఏడు గంటలు నిద్రపోతాను సార్.”

“ఆ ఏడు గంటలు మీలోని సమాచారమునకు కాపలా ఎవరు?”

“మా ఆవిడ పక్కనే ఉంటుంది సార్.”

“ఆమెలో ఏజెంటు ఉన్నదా?”

“నా లోపాలన్నీ చెప్పే నివేదిక మాత్రం రోజూ ఉదయం ఇస్తుంది సార్.”

జిలాని దగ్గు వచ్చినట్టు బయటికి వెళ్లాడు. పరాంకుశం గారు చలించలేదు. “ఇది ముఖ్యము. బయటి వ్యక్తి ఎవరైనను మిమ్ము ప్రశ్నించినచో ఏమి చేయుదురు?”

“తెలిస్తే చెబుతాను సార్. తెలియకపోతే తెలియదంటాను.”

“సారూ!” గుమ్మంలోంచి సుంకులమ్మ గొంతు. “ఈయప్ప పట్నం నుంచి మా ఇత్తనం బుడ్డల లెక్క కోసరమే వచ్చినాడంట కదా. నువ్వు చెప్పినావా లేదా? ఎన్ని మొలిసినాయి, ఇంగొకతూరి చెప్పు, ఇనబడేటట్టు!”

“ఎనభై ఎనిమిదమ్మా” అన్నాడు మద్దిలేటి.

పరాంకుశం గారు కుర్చీలోంచి లేచారు. ఆయన ముఖంలో వెలిగిన కాంతి ఒక జీవితకాలపు అన్వేషణ ఫలించినవాడి ముఖంలోనే కనిపిస్తుంది. “గుర్తింపు అడుగలేదు! అనుమతి చూడలేదు! నా కన్నుల ఎదుటనే సమాచారము బయటకు పోయినది!” టాబ్లెట్టు మీద వేలితో, ఒక్కొక్క అక్షరమూ పైకి చదువుతూ రాశారు: “బలహీనత సంఖ్య నాలుగువందల పదమూడు. అడిగినవారికి నిజము చెప్పును. తీవ్రత: అత్యధికము.”

“అయ్యో సామీ” అంది సుంకులమ్మ, “ఆయప్పకు అదొక్కటే బలముండేది!”

“అమ్మా, మీరు ఏ నెట్‌వర్కుకు చెందినవారు?”

“ఎర్రదిన్నెపల్లె.”

సుంకులమ్మ వెనక్కి తిరిగింది. వాకిట్లోకి వెళ్లి ఎండను చూసి వచ్చింది. మళ్ళీ వచ్చినప్పుడు ఆమె గొంతులో వెటకారం లేదు. “సారూ, ఎండ ఎక్కుతాంది. పైమన్ను తెల్లబడితే ఇంగ ఏం లాభం లేదు. ఈసారి ఇత్తనం పడకపోతే మా ఊర్లో సగం మంది బెంగళూరుకు మూట కట్టుకుంటారు. ఆ మాటన్నా రాసుకోమను ఆయప్పను.”

పరాంకుశం గారు రాసుకోలేదు. ఆ పత్రంలో దానికి గడి లేదు. ఆయన చివరి ప్రశ్నకు వచ్చారు. “పద్నాలుగవ నిబంధన చదివితిరా?”

“చదివాను సార్. బలహీన యంత్రం నుంచి వచ్చిన పత్రాలన్నీ నమ్మరానివి.”

“సరి. ఈ యంత్రము నుండి వెలువడిన పత్రమేదైనను ప్రస్తుతము బహిరంగ స్థలమున ఉన్నదా?”

మద్దిలేటి జవాబు చెప్పడానికి నోరు తెరిచి, ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో అతనికి ఆ జవాబు వెనక ఇంకేమున్నదో కనిపించింది. కానీ కనిపించినా కనిపించకపోయినా చెప్పవలసిన జవాబు అదే. అడిగారు కాబట్టి నిజం చెప్పాడు.

“ఒకటి ఉంది సార్. గోదాములో. బస్తాల మీద అతికించి.”

“ఏమి పత్రము?”

“నిలుపుదల పత్రం.”

“ఎన్నాళ్ల నుండి?”

“పదమూడు రోజులుగా సార్.”

“పదమూడు దినములు! అవిశ్వసనీయ పత్రము! బహిరంగముగా! వచ్చేపోయేవారు చదువునట్లు!” పరాంకుశం గారు అప్పటికే తొడుగులు బిగించుకుంటూ గోదాము వైపు నడుస్తున్నారు. “మార్గము చూపుడు!”

మైదా జిగురు పదమూడు రోజుల్లో రాయిలా బిగుసుకుపోయింది. పరాంకుశం గారు గోటితో గీరారు, టాబ్లెట్టు అంచుతో గీరారు. కాగితం రాలేదు.

“తడపల్ల సామీ” అంది సుంకులమ్మ. తన నీళ్లసీసా తీసి, చెంగు తడిపి, కాగితం మీద మెల్లగా అద్దింది. పసిబిడ్డ ముఖం తుడిచినట్టు తుడిచింది. “ఇప్పుడు లాగు. మెల్లగ. చినిగితే సాక్ష్యం పోతాది గదా.”

కాగితం చెక్కుచెదరకుండా ఊడి వచ్చింది. పరాంకుశం గారు దాన్ని రెండు వేళ్లతో పట్టి నిలబడగా జిలాని ఫోటో తీశాడు. ఆ తర్వాత దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, సీలు వేసి, పైన ‘ప్రమాదకరము’ అని రాయబోయి పెన్ను కోసం వెతికి, మానుకున్నారు.

“సార్” అన్నాడు మద్దిలేటి. “ఒక సందేహం. ఇప్పుడీ బస్తాల మీద ఏ కాగితమూ లేదు. వీటికి నిలుపుదల ఉన్నట్టా, లేనట్టా?”

“అవిశ్వసనీయ పత్రమునందలి విషయమును విశ్వసింపుమందురా?”

“అనను సార్.”

“మరి?”

“కాగితం ఉంటే కదపకూడదని నియమం. లేనప్పుడు కదపకూడదని నియమం లేదు సార్.”

“ఆ సంగతి నా పరిధిలోనిది కాదు. నా పరిధి పత్రము వరకే. పత్రము కింద ఏమున్నదో చూచుటకు వేరొక విభాగమున్నది.” పరాంకుశం గారు కవరును గుండెకు హత్తుకుని జీపెక్కారు.

జీపు మలుపు తిరిగేదాకా సుంకులమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. తర్వాత రోడ్డు వైపు తిరిగి నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఒక్క కేక వేసింది. ట్రాక్టర్లు రెండూ ఒకేసారి కదిలాయి. మద్దిలేటి తాళంచెవి తిప్పి, తలుపు రెక్కలు రెండూ బార్లా తీసి, బస్తాలు లెక్కపెడుతూ పక్కన నిలబడ్డాడు. రెండువందల పది. మూడోతూరి ట్రాక్టరు కదిలేసరికి పొద్దు వాలుతోంది. శుక్రవారం మధ్యాహ్నానికి నలభై ఆరిళ్ల వాళ్ల గొర్లూ ఎర్రటి నేలలో చివరి సాలు చేరుకున్నాయని జిలాని వచ్చి చెప్పాడు.

రెండు నెలలకు రాజధాని నుంచి తనిఖీ తుది నివేదిక వచ్చింది. వంకదిన్నె కేంద్రం భద్రతలో రాష్ట్రానికే ఆదర్శమని మొదటి పుటలో ఉంది. కంప్యూటరును తొలగించడం వల్ల నాలుగువందల పన్నెండు బలహీనతలు సమూలంగా నివారించబడ్డాయి. కొత్తది మంజూరు చేసే ప్రతిపాదన లేదు, ఎందుకంటే కొత్తదాంట్లోనూ బలహీనతలుండే అవకాశం ఉంది. శాఖ ప్రధాన కార్యాలయపు యంత్రాలను స్కాన్ చేశారా అని మద్దిలేటి రాసిన లేఖకు జవాబు కూడా అందులోనే ఉంది: ప్రధాన కార్యాలయమునందు బలహీనతలు లేవని సర్క్యులరు ఉన్నందున స్కాన్ అవసరపడలేదు.

చివరి పుటలో ఒకే వాక్యం: ‘బలహీనత సంఖ్య నాలుగువందల పదమూడు కొనసాగుచున్నది. నివారణ నిమిత్తము సదరు పరికరము యొక్క కుర్చీని గోడవైపు త్రిప్పవలెను.’

కుర్చీ తిప్పారు.

పంట చేతికొచ్చాక సుంకులమ్మ కొత్త నమూనా తెచ్చి ఇచ్చింది. పన్నెండో రోజున వచ్చి గుమ్మంలో ఆగింది. మద్దిలేటి వీపు మాత్రమే కనిపించింది.

“ఏం సారూ, అలిగినావా? గోడకు తిరిగి కూచున్నావు?”

“బలహీనత ఉందంటమ్మా నాకు.”

“ఇంగా నయం కాలేదా?”

“పాతికేళ్లుగా ఉంది.”

“సర్లే, ఉండనీ.” ఆమె కొంగు ముడి విప్పి గుప్పెడు వేరుశనగకాయలు బల్లమీద పోసింది. “అది సరే గానీ, ఎన్ని మొలిసె?”

మద్దిలేటి గోడను ఒకసారి చూశాడు. కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు.

“తొంభై ఒకటి.”